ఎగిరే బరువు, ఎగరని బరువు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో చేతులు మారే ఒక కిలో కడ్డీతో ఈ లెక్క మొదలుపెట్టవచ్చు. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. కాబట్టి ఆ కిలోకు కావలసిన చోటు 52 ఘన సెంటీమీటర్లే, పిడికిట్లో దాగిపోతుంది. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది. అంటే ఆ పిడికిట్లో కోటి రూపాయల పైమాటే ఉంది.

అదే కడప జిల్లాలో పులివెందుల వైపు వెళ్తే అరటి తోటలు, చీనీ తోటలు. తోట దగ్గర కిలో అరటి 20 రూపాయలు పలికిందనుకుంటే కోటి రూపాయలకు సరిపడే కాయలు 500 టన్నులు. ఏటీఆర్ 72-600 విమానంలో సరుకుల కోసమే తయారైన రకం ఒకటుంది. అది 9 టన్నుల చిల్లర మోస్తుంది. 500 టన్నులు తరలించాలంటే దాదాపు 55 సార్లు ఎగరాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో తీసే నాపరాయి సంగతి ఇంకా మొండిది. రెండు సెంటీమీటర్ల మందమున్న చదరపు మీటరు బండ బరువు 54 కిలోలు. ఒక సన్నపాటి ప్రయాణికుడంత బరువు, ధర చూస్తే వందల్లో. కడప బండలను విమానమెక్కించాలని ఎవరికీ తోచకపోవడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

విమానం మోసేది బరువును. దాని ఖర్చు తీర్చేది ఆ బరువుకున్న విలువ. పెద్ద కంపెనీల జంబో విమానాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది కానీ, ఒకటి రెండు చిన్న విమానాలతో మనుషులనూ సరుకులనూ మోసే చార్టర్ కంపెనీకి ఇది రోజూ ఉదయం ఎదురయ్యే ప్రశ్న. అక్కడ ప్రతి కిలోకూ, ప్రతి నిమిషానికీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి.

పాడయ్యేవన్నీ ఎగరవు

త్వరగా పాడయ్యే సరుకు విమానంలో వెళ్లాలి కదా అనిపిస్తుంది. అరటి ఆ ఊహను తలకిందులు చేస్తుంది. పచ్చిగా కోసిన అరటిని 13, 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే కాయలో శ్వాసక్రియ మందగిస్తుంది. పండడానికి సంకేతమిచ్చే ఇథిలీన్ వాయువు కూడా అదుపులో ఉంటుంది. అలా మూడు వారాల పైన నిలవ ఉంటుంది. అంతకన్నా చల్లబరిస్తే మాత్రం తొక్క నల్లబడి సరుకు పాడవుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు 43 శీతల కంటైనర్లతో అరటి రైలు బయలుదేరింది. అక్కడి నుంచి కాయలు ఓడెక్కి పశ్చిమాసియాకు పోయాయి. ఉష్ణోగ్రతను అదుపు చేయగలిగితే కాలాన్ని కొనుక్కోవచ్చు. చేతిలో కాలం ఉన్నవాడికి విమానంతో పని లేదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కోస్తాలో దొరుకుతుంది. ఆంధ్ర తీరంలో పెంచే వనామీ రొయ్యకు తల్లి రొయ్యలు ఈ నేలవి కావు. రోగక్రిములు లేవని నిర్ధారించిన తల్లి రొయ్యలు అమెరికాలోని హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి ఆక్సిజన్ నింపిన నీళ్ల సంచుల్లో విమానంలో చెన్నై చేరుతాయి. అక్కడి ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు పూర్తయ్యాకే హేచరీలకు వెళ్తాయి. వీటిని చల్లబరిచి నెలల తరబడి ఓడలో ఉంచడం కుదరదు. ఒక్కో తల్లి రొయ్య లక్షల గుడ్లు పెడుతుంది కనుక గ్రాముల బరువున్న ఆ ప్రాణికి విమాన బాడుగ గిట్టుబాటు అవుతుంది. బరువు తక్కువ, విలువ ఎక్కువ, ఆగే ఓపిక లేదు. ఈ మూడూ కలిసిన సరుకే గాలిలోకి లేస్తుంది. దేశంలోకి వచ్చే బంగారమూ, హైదరాబాద్ నుంచి పోయే మందులూ, ఎవరికో అమర్చవలసిన గుండె కూడా ఈ కోవలోనివే.

బాడుగ విమానం చట్టం

నిర్ణీత వేళలు ప్రకటించి, టికెట్లమ్మి, ఒక్కరెక్కినా వందమందెక్కినా బయలుదేరేది షెడ్యూల్డ్ సర్వీసు. ఆర్టీసీ బస్సు పద్ధతి అది. చార్టర్ విమానం ఊరి సెంటర్లో మాట్లాడుకునే బాడుగ జీపు: ఎప్పుడు, ఎక్కడికి, ఎవరెవరు అన్నది బాడుగకు తీసుకున్నవాళ్లే తేలుస్తారు, వాహనమంతటికీ ఒకే బేరం. మనదేశంలో ఈ కంపెనీలు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ దగ్గర నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ తీసుకోవాలి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఈ వ్యాపారంలో అసలు నొప్పి ఖాళీ ప్రయాణం. హైదరాబాద్‌లో ఉన్న విమానాన్ని కడప నుంచి చెన్నైకి ఒక రోగిని తీసుకెళ్లడానికి మాట్లాడుకుంటే, అది ముందు కడపకు ఖాళీగా రావాలి, చెన్నై నుంచి హైదరాబాద్‌కు మళ్లీ ఖాళీగా పోవాలి. మూడు ప్రయాణాల్లో మనిషి ఉన్నది ఒక్కదానిలోనే. ఇంధనం, పైలట్ల వేళలు, ఇంజన్ అరుగుదల మాత్రం మూడింటికీ ఒకటే. అందుకే చార్టర్ బాడుగ విన్నవాళ్లు గుండె పట్టుకుంటారు. రానుపోను బేరం దొరికిన రోజు కంపెనీకి పండగ.

ఒకే విమానం రెండు పనులు చేయడం ఇక్కడే అక్కరకొస్తుంది. సెస్నా కారవాన్ అనే ఒంటి ఇంజన్ విమానంలో సీట్లు బిగిస్తే తొమ్మిది మంది ఎక్కుతారు. సీట్లు విప్పేస్తే అదే గది సరుకుల కొట్టు. ఫెడెక్స్ 1980ల నుంచి చిన్న ఊర్ల పార్సిళ్లను పెద్ద విమానాల దగ్గరకు చేర్చడానికి వందలకొద్దీ కారవాన్లను వాడుతోంది. నేలలో బిగించిన పట్టాల్లో సీటు కాళ్లు ఇరుక్కునేలా ఉంటాయి. మీట నొక్కి జరిపితే ఊడి వస్తాయి. అదే పట్టాలకు వలలు, బెల్టులు తగిలించి పెట్టెలు కదలకుండా బిగిస్తారు. ఎయిర్ అంబులెన్సులో స్ట్రెచరు, ఆక్సిజన్ సిలిండరు నిలిచేదీ ఆ పట్టాల మీదే.

మే నెల మధ్యాహ్నం కడప ఎత్తెంత?

కడప విమానాశ్రయం సముద్రమట్టానికి 130 మీటర్ల ఎత్తులో ఉంది. మ్యాపులో ఆ అంకె ఎప్పటికీ మారదు. విమానం రెక్కకు మాత్రం మ్యాపుతో సంబంధం లేదు; దానికి తెలిసింది గాలి చిక్కదనం ఒక్కటే.

రెక్క పుట్టించే లిఫ్ట్ గాలి సాంద్రతకూ, వేగపు వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రామాణిక లెక్కలో సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల సెల్సియస్‌లో ఘన మీటరు గాలి బరువు 1.225 కిలోలు. కడప ఎత్తులో, 42 డిగ్రీల ఎండలో అది 1.10 కిలోలకు పడిపోతుంది. పది శాతం గాలి మాయమైనట్టే. ప్రామాణిక వాతావరణంలో అంత పలచని గాలి కావాలంటే 1,090 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. బెంగళూరు విమానాశ్రయం ఎత్తు 915 మీటర్లు. అంటే మే నెల మధ్యాహ్నం కడప రన్‌వే, ప్రామాణిక చలి రోజున ఉండే బెంగళూరు రన్‌వేకంటే ఎత్తుగా విమానానికి అనుభవమవుతుంది. పైలట్లు దీన్ని సాంద్రతా ఎత్తు అంటారు.

దీని ఫలితం రన్‌వే మీద కనిపిస్తుంది. సాంద్రత పది శాతం తగ్గితే అంతే బరువును లేపడానికి వేగం ఐదు శాతానికి పైగా పెరగాలి. ఆ వేగం అందుకోవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. పలచని గాలిలో ఇంజన్ బలం కూడా అదే నిష్పత్తిలో తగ్గిందనుకుంటే పరుగు 20 శాతానికి మించి పెరుగుతుంది. ఏటీఆర్ 72-600 నిండు బరువుతో ప్రామాణిక పరిస్థితిలో సుమారు 1,300 మీటర్లలో గాలిలోకి లేస్తుంది. ఎండలో ఆ లెక్క 1,600 దాకా పోతుంది. సుమారు 2,000 మీటర్ల కడప రన్‌వే దీనికి సరిపోతుంది. నిండుగా నింపిన ఎయిర్‌బస్ ఏ320కి అదే రన్‌వే, అదే మధ్యాహ్నం ఇరుకే.

కాబట్టి ఎండాకాలంలో చిన్న కంపెనీ ముందు ఉన్న దారులు రెండు. బరువు తగ్గించుకోవడం ఒకటి, తెల్లవారుజామున బయలుదేరడం రెండోది. 26 డిగ్రీల ఉదయాన ఘన మీటరు గాలి 1.16 కిలోలు తూగుతుంది. మధ్యాహ్నంతో పోలిస్తే ఐదు శాతం చిక్కన. ఆ ఐదు శాతమే కొన్ని వందల కిలోల సరుకుకు చోటిస్తుంది.

మూడు కుప్పలు, ఒకే త్రాసు

ఏటీఆర్ 72-600 గాలిలోకి లేవడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 23 టన్నులు. ఖాళీ విమానం, సిబ్బంది, వాళ్ల సామగ్రి కలిపి సుమారు 13.5 టన్నులు. మనుషులకూ సరుకుకూ గరిష్ఠంగా 7.5 టన్నులు. ఇంధనపు ట్యాంకుల్లో పట్టేది 5 టన్నులు. మూడూ కలిపితే 26 టన్నులు. అంటే సీట్లన్నీ నింపి, ట్యాంకులన్నీ నింపి ఎగరడం ఈ విమానానికి ఎన్నడూ సాధ్యం కాదు. దీన్ని తయారుచేసినవాళ్ల లోపమని అనుకోకూడదు; దాదాపు అన్ని విమానాలూ ఇలాగే ఉంటాయి. దూరం పోవాలంటే బరువు దించాలి, బరువు మోయాలంటే దగ్గరలో దిగాలి.

కడప నుంచి చెన్నై ఆకాశమార్గాన 230 కిలోమీటర్ల లోపు. హైదరాబాద్ 300 పైచిలుకు. ఈ దూరాలకు ట్యాంకు నింపనక్కర్లేదు. అయినా గమ్యం దగ్గర మబ్బులు కమ్మితే మరో విమానాశ్రయానికి మళ్లడానికి, అక్కడా చక్కర్లు కొట్టడానికి అదనపు ఇంధనం తప్పనిసరి. ఆ తర్వాతే మనుషుల లెక్క. చేతిసంచితో కలిపి ప్రయాణికుడికి 75 కిలోలు, లోపల వేసే పెట్టెకు 15 కిలోలు అనుకుంటే 78 మందికి 7,020 కిలోలు. 7.5 టన్నుల పరిమితిలో సరుకుకు మిగిలేది 480 కిలోలే. ప్రయాణికుల విమానంలో సరుకు ఎప్పుడూ మిగిలిన చోటును పంచుకునే అతిథి. సంక్రాంతి రద్దీలో ఆ చోటు కూడా దొరకదు.

బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎక్కడ అన్నది మరొకటి. కడపలో ఏటీఆర్ ఎక్కినవాళ్లు మెట్లు తోక దగ్గరుండడం చూసే ఉంటారు. సరుకుల తలుపు ముందు, పైలట్ల గదికి దగ్గరగా ఉంటుంది. జనం వెనక నుంచి గుంపుగా ఎక్కితే తోక బరువెక్కి ముక్కు పైకి లేవకుండా తోక కింద ఒక ఊతకర్రను నిలబెడతారు. గాలిలో ఆ ఊత ఉండదు. గరిమనాభి నిర్ణీత హద్దులు దాటి వెనక్కి జరిగితే ముక్కు అదుపు తప్పుతుంది, ముందుకు జరిగితే దిగేటప్పుడు ముక్కు లేవదు. సగం ఖాళీగా ఉన్న విమానంలో ఎయిర్ హోస్టెస్ వచ్చి నాలుగు వరసలు ముందుకు మారమని అడిగితే దాని వెనకున్నది ఈ తూకమే. బయలుదేరే ముందు కెప్టెన్ సంతకం చేసే లోడ్ షీట్‌లో ఈ లెక్కంతా ఉంటుంది.

నిజాం వాటా, టాటా వాటా

తెలుగువాళ్లకు చిన్న విమాన కంపెనీ కొత్త కాదు. 1945లో హైదరాబాద్‌లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 71 శాతం వాటా నిజాం ప్రభుత్వానిది, 29 శాతం టాటాలది. స్థావరం బేగంపేట. విమానాలు డగ్లస్ డకోటాలు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిత్రదేశాల సైన్యాలు వదిలించుకున్న డకోటాలు మనదేశంలో చవగ్గా దొరికాయి. ఆ రోజుల్లో పుట్టిన కంపెనీలన్నిటికీ అవే పెట్టుబడి. రెండు ఇంజన్లు, ఇరవై మందికి కాస్త అటూ ఇటూ ప్రయాణికులు, లేదా రెండున్నర టన్నుల పైన సరుకు. మట్టి మైదానంలోనైనా దిగేది. 1947 అక్టోబరులో కాశ్మీరుకు సైన్యాన్ని చేరవేయడానికి ప్రభుత్వం వాయుసేన విమానాలతోపాటు ప్రైవేటు కంపెనీల డకోటాలనూ వాడుకుంది.

మనదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా చెప్పుకునే ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది దక్కన్ ఎయిర్‌వేసే. 1947లో లైసెన్సు తెచ్చుకున్న ఆమెను అంతకుముందు ఎన్నో కంపెనీలు తిప్పి పంపాయి. ఇక్కడా కోపైలట్ సీటు దొరికింది కానీ కెప్టెన్ సీటు దొరకలేదు.

హైదరాబాద్ ఆకాశంలో సరుకుల చార్టర్ చరిత్రకు చీకటి కోణం కూడా ఉంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం సైన్యానికి ఆయుధాలు చేరవేశాడు. రాత్రిపూట, ఎవరి అనుమతీ లేకుండా. బ్రిటన్ న్యాయస్థానం తర్వాత అతనికి వేసిన జరిమానా 200 పౌండ్లు. భారీ బాడుగ చెల్లించడానికి ఎవరో సిద్ధంగా ఉండి, నేల దారులు మూసుకుపోయి, గడువు ముంచుకొస్తే బరువైన సరుకు కూడా ఎగురుతుందని ఆ ఉదంతం చూపిస్తుంది.

1949 జనవరిలో మొదలైన రాత్రి తపాలా పథకం వేరే పాఠం నేర్పింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు రాత్రి బయలుదేరి నాగ్‌పూర్‌లో కలిసేవి. అర్ధరాత్రి దాటాక సంచులు మార్చుకుని, ఎవరి ఊరికి వాళ్లు తెల్లారేలోపు తిరిగి చేరేవారు. నాలుగు నగరాలను జంటజంటగా నేరుగా కలపాలంటే ఆరు మార్గాలు కావాలి. మధ్యలో ఒక కూడలి పెడితే నాలుగు చాలు. పైగా ఏ విమానమూ ఖాళీగా తిరిగి వెళ్లదు. రాత్రి గాలి చల్లన, చిక్కన. 1973లో ఫెడెక్స్ మెంఫిస్ కూడలిగా ఇదే పద్ధతిని వ్యాపారంగా మలిచింది. మన రాత్రి తపాలా డకోటాలు అప్పటికి దాదాపు పాతికేళ్ల ముందు ఆ పని చేశాయి. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలు జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి.

అదే నాగ్‌పూర్ కూడలిగా 2009లో కెప్టెన్ గోపీనాథ్ దక్కన్ 360 అనే సరుకుల కంపెనీ పెట్టారు. హెలికాప్టర్ చార్టర్లతో మొదలై ఎయిర్ దక్కన్‌తో చవక టికెట్లు తెచ్చిన మనిషి ఆయన. భౌగోళికంగా ఆలోచన సరైందే. విమానాలు నింపే పార్సిళ్లు రాలేదు, 2011కల్లా మూతపడింది.

కడప రన్‌వే మీద ముగ్గురు

కడపలో ఏళ్ల తరబడి సర్వీసులు లేక పడి ఉన్న విమానాశ్రయాన్ని పునర్నిర్మించి 2015 జూన్ 7న మళ్లీ తెరిచారు. మొదటగా దిగింది బెంగళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్ ఏటీఆర్. ఆ కంపెనీ ఏడాది తిరిగాక, 2016 జులైలో ఆగిపోయింది. తర్వాత హైదరాబాద్ కంపెనీ టర్బో మేఘా, ట్రూజెట్ పేరుతో వచ్చింది. నటుడు రామ్‌చరణ్ ప్రచారకర్తగా 2015లో మొదలైన ఈ కంపెనీకి ఉడాన్ పథకం కింద కడప దక్కింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లా నుంచి ఆ పథకాన్ని ప్రారంభించినప్పుడు జెండా ఊపిన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ విమానాలు నిలిచిపోయాయి. మార్చి చివరిలో ఇండిగో ఏటీఆర్‌లు వచ్చాయి.

ఉడాన్ లెక్క తేలికైనదే. గంట ప్రయాణానికి సగం సీట్లను పరిమిత ధరకు అమ్మాలి; 2017లో అది సుమారు 2,500 రూపాయలు. ఆ నష్టాన్ని మూడేళ్ల పాటు ప్రభుత్వాలు పూడుస్తాయి. ఆ మూడేళ్లు ఆ మార్గంలో మరొకరికి ప్రవేశం లేదు. మూడేళ్ల తర్వాత జనం అలవాటుపడి సొంత డబ్బుతో ఎక్కుతారన్నది ఆశ. ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ ఎక్కరు అన్నది మాత్రం నిమిషాలు తేలుస్తాయి.

ప్రొద్దుటూరు నుంచి కడపకు యాభై కిలోమీటర్ల పైన; జమ్మలమడుగు, పులివెందుల నుంచి డెబ్బై దాకా. ఊరి నుంచి విమానాశ్రయానికి గంటన్నర, అక్కడ ఎదురుచూపు గంట, గాలిలో నేలమీద కలిపి గంట, దిగాక నగరంలోకి మరో గంట. నాలుగున్నర గంటలు. చెన్నైకి కారులో ఆరు గంటల్లో చేరేవాడికి మిగిలేది గంటన్నర. హైదరాబాద్‌కు నాలుగు వందల కిలోమీటర్ల రోడ్డు ఉంది కనుక అక్కడ ఆదా మూడు గంటల పైమాట. రోడ్డు బాగుపడిన కొద్దీ దగ్గరి మార్గాల్లో విమానం ఓడిపోతుంది. బాగుపడిన జాతీయ రహదారులు చిన్న విమాన కంపెనీలకు అన్నిటికంటే గట్టి పోటీదారులు.

అలాంటప్పుడు ప్రతి ఊరికీ ఒక రన్‌వే ఉంటే? జమ్మలమడుగు దగ్గర 2007లో శంకుస్థాపన జరిగిన బ్రహ్మణి స్టీల్స్ ప్రణాళికలో కర్మాగారంతోపాటు విమానాశ్రయం, ఫ్లయింగ్ అకాడమీ కూడా ఉన్నాయి. భూమి కేటాయింపులు తర్వాత రద్దయ్యాయి, రన్‌వే కాగితం దాటలేదు. కర్ణాటకలో తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్కనున్న విద్యానగర్ విమానాశ్రయానికి మాత్రం ట్రూజెట్ నడిచింది. 1990లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి విమానాశ్రయం ట్రస్టు సొంతం. చార్టర్ విమానాలే దాని బతుకు. రెండుచోట్లా రన్‌వేను పోషించే యజమాని టికెట్ల ఆదాయం కోసం చూడడు.

మబ్బు ముందు ఎవరైనా ఒకటే

రన్‌వే లేని చోటుకు హెలికాప్టర్ పోతుంది. అది అందించే సౌకర్యానికి ధర కూడా అలాగే ఉంటుంది. పెద్ద విమానం రాడార్ సాయంతో మబ్బును తప్పించుకుంటుంది, లేదా మబ్బుపైకి ఎక్కుతుంది. హెలికాప్టర్ తక్కువ ఎత్తులో, కొండల మధ్య, చాలావరకు నేలను కళ్లతో చూస్తూ ఎగరాలి.

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి వస్తుండగా బెల్ 206 హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కూలింది. పులివెందుల నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన వైఎస్ రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేటలో బెల్ 430 ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. నల్లమల మీదుగా పోతుండగా సంబంధాలు తెగిపోయాయి. మరునాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పీడనం గురించిన హెచ్చరిక మీద సిబ్బంది దృష్టి నిలిచి ఉండగా హెలికాప్టర్ క్యుములోనింబస్ మబ్బులోకి వెళ్లిందనీ, బలమైన దిగువ గాలి దాన్ని కిందికి తోసేసిందనీ విచారణ సంఘం తేల్చింది.

క్యుములోనింబస్ లోపల ఒకపక్క వేడిగాలి పైకి లేస్తుంటే, ఇంకోపక్క వానతో చల్లబడి బరువెక్కిన గాలి కిందికి పడుతుంటుంది. ఆ పడే వేగం చిన్న హెలికాప్టర్ పైకి ఎక్కగల వేగాన్ని మించవచ్చు. అప్పుడు ఇంజన్లు పూర్తి బలంతో పనిచేస్తున్నా నేల దగ్గరవుతూనే ఉంటుంది. చార్టర్ పైలట్‌కు ఇక్కడ ఇంకో బరువు తోడవుతుంది. షెడ్యూల్డ్ సర్వీసులో ప్రయాణం రద్దు చేసేది కంపెనీ కంట్రోల్ రూమ్. ప్రయాణికులు ఎవరో పైలట్‌కు తెలియదు. చార్టర్‌లో బాడుగ చెల్లించినవాళ్లు, లేదా సభకు ఆలస్యమవుతున్న నాయకుడు వెనక సీట్లోనే ఉంటారు. ప్రముఖుల ప్రయాణాలకు డీజీసీఏ ప్రత్యేక నిబంధనలు పెట్టడానికి ఈ ఒత్తిడి కూడా కారణమే.

పార్సిళ్లు, బ్యాటరీలు

2023 జనవరిలో అమెజాన్ తన విమాన సరుకుల సర్వీసును మనదేశంలో హైదరాబాద్‌లో ప్రారంభించింది. విమానాలు క్విక్‌జెట్ అనే కంపెనీవి, పార్సిళ్లు అమెజాన్‌వి. బోయింగ్ 737-800 సరుకుల రకం ఒక్కో విడతకు 20 వేల దాకా పార్సిళ్లు మోయగలదని చెప్పారు. ఇది చార్టర్‌లో కొత్త రూపం: ఒకే ఖాతాదారు, ఏళ్ల ఒప్పందం. ఖాళీ తిరుగు ప్రయాణం బెడదను ఖాతాదారే తన పార్సిళ్ల ప్రణాళికతో తగ్గించుకుంటాడు.

మరో కొసన డ్రోన్లు. 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో "మెడిసిన్ ఫ్రమ్ ది స్కై" ప్రాజెక్టు మొదలైంది. టీకాల పెట్టెలను డ్రోన్లు ఆరోగ్య కేంద్రాలకు చేర్చాయి. తక్కువ బరువు, ప్రాణాలకు సంబంధించిన విలువ, చల్లదనం పోయేలోపు చేరాలన్న తొందర ఆ పెట్టెల్లో ఉన్నాయి కనుక సరుకు ఎంపిక సరిగ్గా కుదిరింది. పైలట్ జీతం, రన్‌వే ఖర్చు, ఖాళీగా తిరిగొచ్చే భారం అన్నీ కుంచించుకుపోతాయి.

అయితే డ్రోన్‌కు తనదైన బరువు సమస్య ఉంది. కిలో విమాన ఇంధనంలో 43 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. కిలో లిథియం అయాన్ బ్యాటరీలో ఒక మెగాజౌలు కూడా ఉండదు. మోటారు ఇంజన్ కన్నా రెండు మూడింతలు సమర్థంగా పనిచేసినా ఆ తేడా పూడదు. పైగా ఏటీఆర్ గాలిలో ఉన్నంతసేపూ ఇంధనం కరిగి తేలికవుతుంది. బ్యాటరీ మాత్రం పూర్తిగా నిండినప్పుడు ఎంత బరువుందో, ఖాళీ అయి దిగేటప్పుడూ అంతే ఉంటుంది. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి కడపకు రక్త నమూనాలు పంపడానికి నేటి డ్రోన్లలో సమర్థమైనవి సరిపోవచ్చు. పులివెందుల అరటి గెల బరువు 25, 30 కిలోలు ఉంటుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు మొత్తం బరువున్నది చిన్న డ్రోన్. ఆ తరగతి డ్రోన్ తన బ్యాటరీని వదిలేసినా ఆ ఒక్క గెలనూ లేపలేదు.